మంచు ఊడ్చే ముసలమ్మ

బేగంబజార్‌లో గిన్నెల దుకాణాలు దాటి, తాళ్లూ చాపలూ అమ్మే వరుస కూడా దాటితే, సందు మూలన విశ్వేశ్వర్ సేటు కాగితం దుకాణం వస్తుంది. కింద దుకాణం, పైన గోదాం. ఆ పై గదికి మంచి పేరు లేదు.

దీపాలు పెట్టే వేళ దాటాక అక్కడ ఒకామె కూర్చుని ఉంటుందంటారు. అరవదు, మీద పడదు, జుట్టు విరబోసుకోదు. కాగితం కట్టల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని... చూస్తుంది. అంతే. ఒక హమాలీ ఆమెను చూసి గబగబా మెట్లు దిగి, ఎవరూ అడగకముందే, మూడేళ్ల కింద తాను ఎత్తుకుపోయిన క్యాలెండర్ల కట్ట సంగతి తానే బయటపెట్టాడట. భయపెట్టే దెయ్యానికైతే ఏదో ఒక మంత్రం ఉంటుంది. ఊరికే చూసే దెయ్యానికి ఏం మంత్రం వేస్తాం?

ఈ మాటలన్నీ స్వరూప కూడా విన్నదే. అయినా పోయిన డిసెంబరులో, ఒక సాయంత్రం, ఆమె ఆ దుకాణం మెట్టెక్కింది.

స్వరూపది సైదాబాద్. ఇంటి ముందుగదిలో కూర్చుని టారో కార్డులు చూసి జోస్యం చెబుతుంది. డెబ్బై ఎనిమిది బొమ్మల కార్డులు. వచ్చినవాళ్లు మనసులో ప్రశ్న అనుకుంటే, ఆమె కలిపి, ఒకటి తీసి, బొమ్మను బట్టి చెబుతుంది. ఎక్కువమంది అడిగేది పెళ్లి, ఉద్యోగం. చెడ్డ బొమ్మ వచ్చినా మంచిమాటతో తిప్పి చెప్పడం ఆ పనిలో మొదట నేర్చుకునే విద్య.

కార్తీకం చివర్లో పక్కింటి నాగమణమ్మ వచ్చి కూర్చుంది. అప్పటికే ఆమెకు గుండెలో పట్టేసినట్టు ఉంటోంది. రెండు చిన్న దగ్గులు దగ్గి, అరచేత్తో రొమ్ము మీద ఒకటి తట్టుకోవడం ఆమె అలవాటు.

"డాక్టరు పరీక్ష చేయించుకొమ్మన్నడు బిడ్డా. మా గీత రేపే పోదామని ఒకటే లొల్లి. గీ చలి పోయినంక పోతె నడువదా? చూసి చెప్పు," అన్నది.

స్వరూప కలిపి తీసింది. తెల్లగుర్రం మీద ఎముకల రౌతు... మృత్యువు కార్డు.

ఆ కార్డుకు చావు అని అర్థం కాదు, మార్పు అని అర్థం. నేర్చుకున్న రోజే చెప్పారు. కానీ ముసలామె ఆ బొమ్మను చూస్తే అక్కడే కూలిపోతుందేమో. స్వరూప చటుక్కున దాన్ని కట్ట అడుగుకు తోసి, ఇంకొకటి తీసింది. నీళ్ల ఒడ్డున చుక్కల బొమ్మ.

"నడుస్తదత్తమ్మా. ఫికర్ చెయ్యకు," అన్నది.

పదకొండో రోజు తెల్లవారుజామున నాగమణమ్మ నిద్రలోనే పోయింది.

కార్డు దాచడం ఒక్కటే తప్పయితే స్వరూప ఎలాగో మరిచిపోయేది. ఆస్పత్రికి పోవాలా వద్దా అని అడిగితే, నన్నడుగుతవేంది అత్తమ్మా, పోయిరా — అనాల్సింది. అనలేదు. ఆ చిన్నమాట అనకపోవడం ఆమె గొంతులో చేపముల్లులా దిగింది. పైగా దినాలకు వచ్చిన చుట్టాలంతా కూతురు గీతాంజలినే అన్నారు. "ఒక్క బిడ్డవు. గుంజుకొనిపోయి చూపియ్యకపోతివి," అని. గీతాంజలి తల వంచుకుని విన్నది. స్వరూప కూడా, అందరికీ చాయ్ అందిస్తూ, విన్నది.

ఆ గీతాంజలే ఆ రోజు పొద్దున ఫోన్ చేసింది. "వదినా, రేపు వస్త. ఒక్కటే అడుగుత. అమ్మకు నా మీద కోపమున్నదా, లేదా?"

ఆ పాత కార్డులతో ఆ ప్రశ్న చూడడానికి స్వరూప చేతులు రాలేదు. కొత్త కట్ట కావాలి. చల్లగా, మెత్తగా, ఏ బొమ్మ వచ్చినా ఏడ్చిన మనిషికి ఊరట కలిగేలా. చలికాలం బొమ్మల టారో అని కొత్తగా వస్తున్నాయని ఎవరో చెబితే, వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చింది.

"చలిల చలికాలం పత్తాలేందమ్మా?" అన్నాడు విశ్వేశ్వర్ సేటు కళ్లద్దాలు పైకెత్తి. "మంచు మనం ఫ్రిజ్‌లనే గదా చూసింది."

"ఉన్నయా లేవా సేటు?"

"మూడు రకాలున్నయి. పైన గోదాంల. నువ్వే పోయి చూసుకో. నాకు మోకాళ్లు." సేటు మెట్ల వైపు చూడకుండానే అన్నాడు. ఆ మోకాళ్లు పొద్దున పూట బాగానే ఎక్కుతాయని బజారంతటికీ తెలుసు. "పనోళ్లందరు ఆరుగంటలకే పోయిన్రు. జల్ది రా అమ్మా."

"నన్ను పంపి నువ్వు కిందుంటవా?"

"భవిష్యం చెప్పేదానివి. పైన ఏమున్నదో నీకు ముందే తెలువాలె," అని సేటు నవ్వాడు.

స్వరూప ఫోన్‌ను గల్లా పక్కన ఛార్జింగ్‌కు పెట్టి మెట్లెక్కింది. దెయ్యం పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. ఆ రోజు ఆమె పాదాలూ అలాగే అనిపించాయి. ఎక్కుతున్నా, కిందికే పోతున్నట్టు.

పైన ఒక్కటే బల్బు. గోడల నిండా కాగితం కట్టలు, అట్టపెట్టెలు. స్వరూప అటూ ఇటూ చూడకుండా నేరుగా కిటికీ దాకా నడిచింది. మూడు రకాలూ కిటికీ కింద పెట్టెలో దొరికాయి. ఆమె వేరే బొమ్మలేవీ చూడలేదు. మూడింటిలోనూ నేరుగా మృత్యువు కార్డునే వెతికింది. దేనిలో చావు మెత్తగా ఉంటే దాన్నే కొనాలని.

మొదటి దానిలో మంచుకొండలు, దుప్పులు. మృత్యువు మాత్రం అదే ఎముకల రౌతు, మంచుగుర్రం మీద. తెలుపు మీద తెలుపు... మరింత ఘోరంగా ఉంది. పక్కన పెట్టింది.

రెండో దానిలో లాంతర్లు, ఎర్రటోపీల పిల్లలు. మృత్యువు అంటే కరిగిపోతున్న మంచుబొమ్మ, దాని ముక్కు జారి కింద పడింది. తల్లి పోయిన పిల్ల ముందు ఇది పెడితే వెక్కిరించినట్టే.

మూడోది లేత నీలం. దానిలో మృత్యువు ఒక ముసలామె. శాలువా కప్పుకుని, వంగి, ఎవరింటి గడప ముందో మంచు ఊడుస్తోంది. ముఖం కనబడదు. దారి చేస్తున్నట్టు ఉంది.

"ఇదే," అనుకుంది స్వరూప. ఇది వచ్చినా గీత భయపడదు. అమ్మ నీకు దారి ఊడుస్తున్నది, కోపమేం లేదు అని చెప్పొచ్చు. ఎంత చక్కటి అబద్ధం...

బల్బు ఆరిపోయింది.

సందంతా చీకటి. కింద ఎవరో జనరేటర్ తాడు గుంజుతున్న చప్పుడు. స్వరూప కార్డును గుండెలకు ఆనించుకుని నిలబడిపోయింది.

అప్పుడు... గది ఆ చివర నుంచి... రెండు చిన్న దగ్గులు.

ఆ తర్వాత, అరచేత్తో రొమ్ము మీద ఒక్క తట్టు.

స్వరూపకు వీపు మీద చన్నీళ్లు కుమ్మరించినట్టయింది. కళ్లు చీకటికి అలవాటు పడుతున్న కొద్దీ, కట్టల మీద ఒక ఆకారం తేలింది. కాళ్లు ముడుచుకుని ఉంది. తల మీదుగా శాలువా. కదలదు. పలకదు.

"ఎవరు...?"



పరుగెత్తాలనుకుంది. కానీ మెట్లు ఆ ఆకారం పక్కనుంచే. నిలబడే కొద్దీ ఆ మౌనమే మీద మీదకి వచ్చింది. చివరికి ఆమె గుసగుసగా అన్నది —

"అత్తమ్మా... దాచిన నేను. మొదలొచ్చింది చుక్కల కార్డు గాదు. అడుగుకు తోసేసిన. నువ్వు భయపడుతవని... కాదు, నాకే భయమైంది. చెడ్డది చెప్తే నువ్వు మళ్లీ రావని గూడ అనుకున్న. దవాఖానకు పొమ్మని ఒక్క మాట అననైతి. గీత తప్పేం లేదు. అందరు పిల్లను అంటుంటే నేను చాయ్ పోసుకుంట తిరిగిన." చేతిలో కార్డును ఇంకా గట్టిగా అదుముకుంది. "పొద్దుగాల గీతకు చెప్త. ఒట్టు అత్తమ్మా. చెప్త."

బల్బు వెలిగింది.

కట్టల మీద కూర్చున్నది నాగమణమ్మ కాదు. సేటు దగ్గర పెట్టెలు కట్టే మాణిక్యమ్మ. మధ్యాహ్నం నుంచి ఒళ్లు వెచ్చగా ఉంటే శాలువా కప్పుకుని అక్కడే ఒరిగిందట. అందరూ పోయింది తెలియలేదట. నిద్రకళ్లతో స్వరూపను ఎగాదిగా చూసింది.

"ఏందో అంటున్నవు బిడ్డా. ఇటు దిక్కు చెవు సాఫ్ వినరాదు నాకు. దుమ్ముకు ఒకటే దగ్గు."

స్వరూప నవ్వింది. కడుపులోంచి పొంగుకొచ్చింది ఆ నవ్వు. ఏడుపులా కూడా ఉంది. దెయ్యం లేదు. ఎవరూ వినలేదు. మాణిక్యమ్మను చెయ్యిపట్టి మెట్లు దింపి, ఆటో ఎక్కించి, నీలం కట్ట సంచిలో వేసుకుని ఇంటికి పోయింది.

దారిలోనే మనసు మాట మార్చింది. ఎవరూ విననప్పుడు ఒట్టు ఎవరికి పెట్టినట్టు? చెబితే పిల్ల గుండె ఇంకోసారి పగులుతుంది గదా. ముసలామె బొమ్మ చూపించి రెండు చల్లటి మాటలంటే చాలదా? తప్పు చేసిన మనిషికి బుద్ధులు చెప్పడానికి వేరే ఎవరూ రానక్కర్లేదు. తనకు కావలసిన బుద్ధి తానే చెప్పుకుంటుంది.

తెల్లారింది. పది గంటలకు, ఎండ ముందుగదిలోకి వచ్చిన వేళ, గీతాంజలి వచ్చింది. స్వరూప బట్ట పరిచి, నీలం కార్డులు కలపబోయింది. ముసలామె బొమ్మ ఎక్కడుందో ఆమె వేళ్లకు తెలుసు.

"ఉండనియ్యి వదినా," అన్నది గీతాంజలి. "గిప్పుడు అడిగేదేం లేదు. నిన్న అమ్మ వచ్చింది."

స్వరూప చేతులు ఆగిపోయాయి. "కలలనా?"

"నిద్రనే పోలేదు. బియ్యం ఏరుకుంట కూసున్న. అలికిడైతె తలెత్తిన. గడప కాడ శాలువా కప్పుకొని కూసున్నది. ఎప్పటిలెక్కనే దగ్గింది, రొమ్ము తట్టుకున్నది. నాకు భయం గూడ కాలే."

"ఎన్ని... ఎన్ని గంటలకు?"

"ఏడున్నర కావస్తుండె."

సేటు గోదాంలో బల్బు ఆరింది ఏడుంబావు దాటాకే. వెలిగేసరికి పావుగంట పట్టింది.

"ఏమన్నది?" అన్నది స్వరూప. ఆ మాట ఆమెకే వినబడలేదు.

"ఎక్కువ ఏం అనలే. 'స్వరూప నాకు చెప్పింది బిడ్డా. తెల్లారి నీకు గూడ చెప్తనన్నది. పో' అన్నది. మళ్ల చూస్తె లేదు." గీతాంజలి కొంగుతో కళ్లు తుడుచుకుని, ముందుకు జరిగి కూర్చుంది. "మా అమ్మకు ఏం చెప్పినవ్ వదినా?"

వీధిలో కూరగాయల బండి అరుచుకుంటూ పోయింది. స్వరూప కార్డులన్నీ దగ్గరకు లాగి, బట్టలో చుట్టి, పక్కకు పెట్టింది. బట్ట ముడి వేయడానికి చాలాసేపు పట్టింది.

"గీతా," అన్నది చివరికి, "మీ అమ్మ పరీక్ష సంగతి అడగొచ్చిన రోజు నేను మొదలు తీసిన కార్డు వేరే..."