రెండో సీటు

రోడ్డు మీద మనిషి చేత్తో బండి తోలడం ఆగిపోయి ఇరవై రెండేళ్లయింది. కార్లు వాటంతటవే వచ్చి గుమ్మం ముందు నిలబడేవి, ఎక్కించుకునేవి, దింపి వెళ్లిపోయేవి. తోలాలనే తీట తీరని డబ్బున్నవాళ్లకు కొన్ని ప్రైవేటు ట్రాక్‌లు మిగిలాయి. వాటిలో పేరున్నది బేతంచెర్ల దగ్గర, రాయి అయిపోయి వదిలేసిన నాపరాళ్ల గనుల్లో వేసిన ఆరు కిలోమీటర్ల దారి.

అక్కడి హైపర్‌కార్లు వింత ఆస్తి. కొన్నవాడు ఇంటికి తీసుకుపోలేడు. రోడ్డెక్కే అనుమతి వాటికి లేదు. చిన్న గుంత తగిలినా పొట్ట పగిలేంత కిందికి ఉంటాయి. నాలుగు వందల కిలోమీటర్ల వేగంలో గాలే వాటిని నేలకు అదిమి పట్టుకుంటుంది. అందుకని కంపెనీ షెడ్డులోనే ఉంటాయి. యజమానులు ఏడాదికి మూడు నాలుగు సార్లు, హాస్టల్లో వేసిన పిల్లల్ని చూడటానికి వచ్చినట్టు వచ్చి, నాలుగు చుట్లు తిప్పి, బానెట్ నిమిరి వెళ్లేవారు.

ఆ షెడ్డుకు మద్దిలేటి పెద్ద ఇంజనీరు. అరవై దాటాయి. తోలేవాడి భయాన్ని కొలిచే జంకుపెట్టె ఆయన కనిపెట్టిందే.

ఎనిమిదేళ్ల కిందట ఆయన ఒక్కగానొక్క కూతురు కమలిని ఆ ట్రాక్ మీదే, ఏడో మలుపులో పోయింది. కొత్త బండ్లను తోలి చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. విచారణ చేసినవాళ్లు బండిలో లోపం లేదన్నారు. అలవాటయ్యి జంకు పోయింది, జంకు పోయి చూపు సడలింది అన్నారు. మద్దిలేటి ఆ ఒక్క మాట పట్టుకుని రెండేళ్లు పనిచేశాడు. స్టీరింగ్‌లో అరచేతి చెమటను పట్టే సెన్సర్లు, సీటు బెల్టులో గుండెను వినే పట్టీ, కంటిపాపను గమనించే కెమెరా పెట్టాడు. మూడూ కలిసి, తోలేవాడి జంకు నూటికి ఎంతో చెబుతాయి. జంకు ఎంతో మోటారు బలం అంత. భయం ఉన్నవాడు దారిని చూస్తాడు కనుక బండి వాడికి లొంగుతుంది. భయం లేనివాడికి ఎద్దుబండిలా నడుస్తుంది. మాత్రలు మింగినా, ఒంటికి షాక్ పెట్టుకున్నా పెట్టె మోసపోదు. నిజమైన జంకులో నాడి గీసే గీత ఎలా ఉంటుందో దానికి నేర్పారు. అది వచ్చిన ఆరేళ్లలో ట్రాక్ మీద ఒక్క ప్రాణమూ పోలేదు.

కానీ మనిషి దేనికైనా అలవాటు పడతాడు. మొదటిసారి అరవై చూపించినవాడు పదోసారికి పన్నెండుకు దిగాడు. అంత ఖరీదైన బండి ఊరేగింపు రథంలా కదులుతుంటే యజమానులు సణిగారు. ఆ తర్వాత, ఎందుకో, సణుగుడు ఆగింది. పక్కన రెండో సీటు కావాలని ఆర్డర్లు రాసాగాయి. స్నేహితుల ముందు గొప్పకు కాబోలు అనుకున్నాడు మద్దిలేటి. సీట్లు బిగించడం మెకానిక్ ఈరన్న పని. అక్కడక్కడా అంకెలు లేచినా ఆయన పట్టించుకోలేదు.

ఆ ఉదయం జయచంద్ర అనే యజమాని అంకె చూసి మద్దిలేటి ఆగిపోయాడు. ఆర్నెల్లుగా పన్నెండు దాటనివాడు మొదటి చుట్టులోనే తొంభై నాలుగు చూపించాడు. సెన్సర్ చెడిందేమోనని మెట్లు దిగి బండి దగ్గరికి వెళ్లాడు.

రెండో సీటులో తొమ్మిదేళ్ల పిల్ల ఉంది. హెల్మెట్ పెద్దదై ఊగకుండా లోపల పసుపు తువ్వాలు కుక్కారు.

సెన్సర్ చెడలేదు.

మద్దిలేటి అతన్ని పక్కకు పిలిచి అడిగాడు. జయచంద్ర ఏమీ దాచలేదు. పాప మేఖల పక్కనుంటే తను ఎన్నడూ లేనంత జాగ్రత్తగా తోలుతున్నానని, మీరు కోరిందీ అదే కదా అని నెమ్మదిగా చెప్పాడు. అందరూ చేస్తున్నదేనట. ఒకరు భార్యను, ఒకరు తల్లిని ఎక్కించుకుంటున్నారు. పిల్లలైతే అంకె బాగా లేస్తుందట.

"దించు నాయనా. నీకు దండం పెడతా. కావాలంటే నన్ను కూర్చోబెట్టుకో," అన్నాడు మద్దిలేటి.

పెద్దాయన మాట కొట్టెయ్యలేక జయచంద్ర ఆయన్ను ఒక చుట్టు తిప్పాడు కూడా. పన్నెండు ఉండే అంకె పదకొండుకు దిగింది.

"పెట్టె చేసినాయన పక్కనుంటే ధైర్యంగా ఉంది సార్," అన్నాడు దిగుతూ. ఎగతాళికి అన్న మాట కాదది.

మద్దిలేటి ఆఫీసుకు ఫోన్ చేశాడు. తోలేవాడి వయసుకు నిబంధన ఉందని, పక్కన కూర్చునేవాళ్ల వయసుకు లేదని అక్కడి అమ్మాయి మర్యాదగా చదివి వినిపించింది.

జయచంద్ర బండికి టైర్లు మారుస్తున్నారు. ఆ పని అయ్యేలోగా ఏదో ఒకటి చెయ్యాలి. మద్దిలేటి గదిలోకి వెళ్లి పెట్టె మూలగీత తెరిచాడు. నూరు అంటే ఏమిటో దానికి నేర్పిన గీత అది. అది ఆయనదే. కమలిని పోయిన రోజున, అప్పట్లో తోలేవాళ్ల ఛాతీకి కట్టే గుండె పట్టీ పనిచేస్తుందో లేదో చూద్దామని తనే కట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. బండి జారినప్పటి నుంచి, పొగలోంచి ఆమె ఇక రాదని తెలిసేదాకా నలభై ఒక్క సెకన్లు. అంతకు మించిన భయం ఆయనకు తెలియదు. అందుకే దాన్నే ఇచ్చాడు.

ఇప్పుడు ఆ గీతను, పొద్దుటి జయచంద్ర గీతను పక్కపక్కన పెట్టి చూశాడు. తన ప్రాణానికి భయపడేవాడి గీత ఒక రకం. కన్నబిడ్డ ప్రాణానికి భయపడేవాడి గీత ఇంకో రకం. పెట్టెకు తను నేర్పింది రెండోదే. ఆరేళ్లుగా అది అడుగుతున్నదీ అదే. యజమానులు దాన్ని మోసం చేయలేదు. అడిగింది తెచ్చి కూర్చోబెట్టారు.

ఎవరి నాడి లెక్క వారిదేనని, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని చట్టం ఉంది. తీసుకుంటే నకలు కూడా మిగలదు. కూతురి చివరి క్షణాల్లో తను అక్కడున్నాడని చెప్పేది ఆ గీత ఒక్కటే. గీతను వెనక్కి తీసుకోవడానికి మద్దిలేటి బొటనవేలు తెర అద్దం మీద పెట్టి నొక్కాడు.

పోల్చి చూసే నూరు లేక పెట్టెలు బలం ఇవ్వడం మానాయి, ట్రాక్ మీది మోత తగ్గింది. బండ్లన్నీ ఒక్కటొక్కటిగా ఈడ్చుకుంటూ షెడ్డుకు చేరాయి.

పావుగంట కాకముందే ఈరన్న వచ్చాడు. మొహం ఎత్తకుండా చెప్పాడు. కంపెనీ ఇంకొకరి గీత కావాలంటే జయచంద్ర తనది ఇచ్చాడట. పొద్దుటి తొంభై నాలుగే ఇకమీదట నూరు.

"బండ్లు ఇంకా బాగా లేస్తాయి సార్ ఇంక. ఆ గీత నా చేత్తోనే పెట్టెలకు ఎక్కిస్తి. నేనేం చేసేది," అన్నాడు.

మద్దిలేటి కిందికి వెళ్లేసరికి మేఖల సీటులో బెల్టు కట్టించుకుని కూర్చుంది. ఆయన్ను చూసి తువ్వాలు చెవి మీది నుంచి జరుపుకుంది.

"తాతా, ఇప్పుడు నూరంటే మా నాన్నే. మా క్లాసులో సాహితి వాళ్ల నాన్నకు డెబ్బై ఒకటే వచ్చిందంట. అది రెండు దినాలు ఏడ్సింది."

ఆయన సీటు పక్కన వంగాడు.

"ముందు నూరు ఎవరిది తాతా?"

"నాదేనమ్మా."

"నీకూ పాప ఉండెనా? పక్కన కూర్చోబెట్టుకుంటివా?"

"లేదు తల్లీ. తనే తోలింది. నేను చూస్తా నిలబడితి."

పిల్ల ఆలోచించింది. ఆ తర్వాత మెచ్చుకోలుగా అంది. "నీకు నూరు వచ్చిందంటే చానా స్పీడు పోయింటాది."

"పోయింది," అన్నాడు మద్దిలేటి.

ఆయన బండి ముందుకు నడిచి, ట్రాక్‌లోకి తెరుచుకునే దారికి అడ్డంగా నాపరాయి మీద కూర్చున్నాడు. రాయి కాలుతోంది. జయచంద్ర అద్దం దించి సార్, సార్ అని పిలిచాడు. ఎంతసేపు కూర్చుంటారు సార్ అని అడిగాడు. ఈరన్న వచ్చి చెయ్యి పట్టి లేపబోయాడు. లేపలేక, కాసేపటికి తనూ పక్కన కూలబడ్డాడు.

జయచంద్ర బండి వెనుక మరో ఆరు బండ్లు వచ్చి ఆగాయి. ఆరింటికీ రెండో సీటు ఉంది. ఆరు సీట్లలోనూ ఎవరో ఒకరున్నారు.