స్కిప్ బటన్ లేని నిమిషం

మొదటి సాక్షి తన ఇంట్లో, టీవీ ముందు, షాంపూ ప్రకటన చూస్తూ చూస్తూ పేలిపోయాడు.

“ఆ ప్రకటన ఊరంతటికీ రాలేదు,” అన్నాడు బ్యూరో చీఫ్, ఫైలు బల్ల మీద విసిరి. “ఆ ఒక్క ఇంటికే వచ్చింది. స్ట్రీమింగ్‌లో ఎవరి ప్రకటన వారిది కదా! విదేశీ ముఠా ఆ వెసులుబాటునే వాడుకుంది. ప్రకటనలో పాట పూర్తికాగానే టీవీ సౌండ్‌బార్‌లో దాచిన బాంబు పేలుతుంది. ఇక మిగిలిన సాక్షి మీ బావ.”

ఏజెంట్ గద్ద మొహం మాడిపోయింది. బావకూ అతనికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు.

“ముఠావాళ్ళకీ కాస్త మంచి అభిరుచి ఉంది సర్.”

“జోకులొద్దు. రేపు కోర్టులో వాళ్ళను గుర్తుపట్టగలిగేది ఆయనొక్కడే. ఆయన బతకాలి.”

నీళ్ళ ఫిల్టర్ మెకానిక్ వేషంలో గద్ద రహస్య ఫ్లాట్ తలుపు తట్టాడు.

“ఫిల్టర్ మార్చాలండీ.”

“పాతదే బాగుంది,” అని కోడ్ పూర్తిచేసి ఏజెంట్ మెరుపు తలుపు తీసింది. ఆమె ప్రకటనల్లో బాగా పేరున్న మోడల్. ముఠాలో తిరుగుతూ బ్యూరోకి కబుర్లు మోస్తుంది. సాక్షికి కాపలా కూడా ఆమే. ఆ నవ్వు చూస్తేనే గద్దకు ఒళ్ళు మండుతుంది.

లోపల బావ కాళ్ళు బారజాపి సీరియల్ చూస్తున్నాడు.

“వచ్చావా, గొప్పోడా? అడ్డం తప్పుకో.”

“ఇది బ్యూరో ఇచ్చిన అకౌంటేనా బావా?”

“అందులో మొదటి నుంచి చూడాలట. చూసిందే మళ్ళీ ఎవడు చూస్తాడు? నాదే పెట్టుకున్నా.”

“మతి ఉండే చేశారా? చేజేతులా ముఠాకి ఈ ఫ్లాట్ చూపించారు!”

బావ నోరు తెరిచేలోగా సీరియల్ ఆగి షాంపూ ప్రకటన మొదలైంది. తెర మీద మెరుపు జుట్టు విదిలించి పాట ఎత్తుకుంది. మూలన అరవై నుంచి అంకెలు తగ్గుతున్నాయి. స్కిప్ బటన్ లేదు.

గదిలో ఉన్న మెరుపు లేచింది. “ఫోన్ మాట్లాడొస్తా.”

గద్దకు అనుమానం వచ్చింది. తెర మీద తన మొహం వెలుగుతుంటే లేచి వెళ్ళిపోయే మోడల్‌ని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒక్క గంతులో ఆమె చేతికీ తన చేతికీ కలిపి సంకెళ్ళు బిగించాడు.

“సౌండ్‌బార్ తెచ్చింది నువ్వేనా?”

మెరుపు రిమోట్ లాక్కుని కిటికీలోంచి బయటికి విసిరేసింది. “నేనే. ప్లగ్ పీకినా పేలుతుంది. నన్ను వదులు, పారిపోదాం.”

“కింద చంటిపిల్లల బడి ఉంది.”

“ఉంటే నాకేంటి?”

చెంప పగలగొట్టాలనిపించింది. తీరిక లేదు. పాట పూర్తికాకూడదు, కరెంటు పోకూడదు.

“బావా, ఈ అకౌంట్ ఇంకెక్కడుంది?”

“మీ అక్క ఫోన్‌లో.”

గద్ద ఫోన్ కలిపాడు. “అక్కా! సీరియల్ యాప్ తెరువు. అన్ని టీవీల్లో లాగౌట్ కొట్టు. వెంటనే!”

“ఇన్నేళ్ళకి ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడగవేంట్రా?”

“బాగున్నావా? కొట్టక్కా, నీకు దణ్ణం పెడతా!”

మెరుపు కళ్ళు గట్టిగా మూసుకుంది. తెర మీద అంకె రెండుకి దిగింది. పాట సగంలో తెగిపోయింది. లాగిన్ అవ్వమని టీవీ మర్యాదగా అడిగింది.

కాసేపటికి బాంబు స్క్వాడ్ సౌండ్‌బార్‌నీ, పోలీసులు మెరుపునీ పట్టుకుపోయారు. ఫోన్‌లో అక్క ఇంకా లైన్లోనే ఉంది.

“ఒరేయ్, యాప్‌లో ఇప్పుడే చూశా. కలిసి చూద్దామని నన్ను ఏడో ఎపిసోడ్‌లో ఆపించి, ఆ పెద్దమనిషి తొమ్మిదిలో ఉన్నాడా? ఫోన్ ఇవ్వు ఆయనకి!”

గద్దకు జీవితంలో మొదటిసారి బావ మీద జాలేసింది. ఫోన్ అందించాడు.

బావ చెయ్యి చాపలేదు. మెట్ల వైపు చూస్తూ మెల్లగా అడిగాడు.

“బావమరిదీ, ఆ బాంబు పట్టుకెళ్ళినవాళ్ళు మరీ దూరం వెళ్ళిపోయారంటావా?”