తాగిందా సిస్టర్?

ఆ చుట్టుపక్కల అందరికీ పురుడంటే ఆ పెద్దాసుపత్రే. అక్కడ పసిపిల్లల గదిని ఏలేది సైరన్ సిస్టర్. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. ఆవిడ ఒక్క కేక వేస్తే పై అంతస్తులో కాళ్లు విరిగినవాళ్లు కూడా లేచి నిలబడతారని చెప్పుకుంటారు. పెళ్లి కాలేదు. చేసుకుంటామన్నవాళ్లు లేకపోలేదు గానీ, ఆవిడ నోరు తెరిచేదాకానే ఆ మాట మీద ఉన్నారు.

ఆవిడ కింద పనిచేసే ఆయాని రేడియో అంటారు. ఎందుకో చెప్పక్కర్లేదు. తలుపు దగ్గర కాపలా పులి. పిల్లి ఎదురైతే పక్కకి తప్పుకునే మనిషి కాబట్టి ఆ పేరు. డాక్టరుగారు కూడా ఉన్నారు. ఉన్నారనే అందరూ అంటారు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి రొమ్ము పట్టే బలం ఉండదు. తల్లులు పక్క వార్డులో పాలు పిండి చిన్న సీసాల్లో పంపిస్తారు. సీసా మీద ఏ మంచమో రాసిన చీటీ అంటించి ఫ్రిజ్‌లో పెట్టి, వేళకి వెచ్చచేసి, ఉగ్గుగిన్నెతో ఆ తల్లి బిడ్డకే పడతారు. ఇంకొకరి బిడ్డకి పట్టకూడదు. బిడ్డ పోతే ఆ పాలు పారబోయాలి. సైరన్ సిస్టరే ఈ మాట గోడమీద పెద్దక్షరాలతో రాయించింది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. అది గోడమీద రాసి ఉండదు. బిడ్డ పోయిందన్న మాట పచ్చి బాలింతకి వెంటనే చెప్పరు. ఇంటివాళ్లు వచ్చాక వాళ్లే చెప్పుకుంటారని ఊరుకుంటారు.

ఈ రెండు పద్ధతుల మధ్యా పడి నలిగింది పక్క వార్డులోని కిటికీ మంచం ఆవిడ.

భర్త దూరాన పనిలో ఉన్నాడు. పుట్టిన పిల్ల పిడికెడు. ఈవిడకి మాత్రం పాలు ధార. చేతి పంపు పట్టుకుని పొద్దస్తమానం అదే పని. సైరన్ సిస్టర్ సీసా తీసుకెళ్లడానికి వచ్చిన ప్రతిసారీ ఒక్కటే ప్రశ్న.

"తాగిందా సిస్టర్?"

"తాగిందమ్మా."

ఒక తెల్లవారుజామున ఆ పిల్ల పోయింది. భర్త ఇంకా దారిలోనే ఉన్నాడు. ఆవిడ మామూలుగానే సీసా అందించింది.

"తాగిందా సిస్టర్?"

సైరన్ సిస్టర్ గొంతు మొదటిసారి తగ్గింది. "తాగిందమ్మా. గుటకలేస్తోంది."

అది పూర్తిగా అబద్ధమూ కాదు. గోడవార వెచ్చని పెట్టెలో సిస్టర్ సొంత చెల్లెలి కూతురి బిడ్డ ఉంది. ఆ అమ్మాయికి పాలు పడలేదు. డబ్బాపాలు పోస్తే పిల్ల కక్కేస్తోంది. ఇంకే నర్సయినా ఒకరి పాలు ఇంకొకరి బిడ్డకి పట్టి ఉంటే సైరన్ సిస్టర్ తోలు వలిచేది. కానీ ఇంకొకరి బిడ్డయితే నియమం గుర్తొస్తుంది, మనవరాలైతే మనసు గుర్తొస్తుంది. కిటికీ మంచం చీటీ గోటితో గీకి తీసేసింది.

"సిస్టర్, అవి ఆవిడ పాలు కదా..." అంది రేడియో.

"నోరు."

"మూశాను."

మూసింది కూడా. టీ వేళ దాకా.

మనవరాలికి ఆ పాలు ఒంటబట్టాయి. ఒంటికి రంగొచ్చింది. మర్నాడు కిటికీ మంచం ఆవిడకి రక్తస్రావం మొదలైంది. ఎంత చేసినా ఆగలేదు. పోయే ముందు కూడా పంపు వదల్లేదు. పెదాలు మాత్రం కదిలాయి. సైరన్ సిస్టర్ తల ఊపింది. తాగింది, తాగింది అన్నట్టు.

ఆవిడ పోయిన మర్నాడు మధ్యాహ్నం నుంచే వాన. సాయంత్రం కాకముందే గది చీకటైంది. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయారు. చెల్లెలి కూతురు మాత్రం బిడ్డ పెట్టె పక్కన స్టూలు మీద కూర్చుంది. కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు దగ్గి, డాక్టరుగారిలాగే ఉందంటే ఉంది అన్నట్టు ఊరుకుంది. మూలన చార్జింగ్ లైటొక్కటే మిణుకుమంటోంది.

పాల వేళయింది. ఫ్రిజ్‌లో కిటికీ మంచం ఆవిడ సీసా ఆఖరిది మిగిలింది. సైరన్ సిస్టర్ దాన్ని చేతిలోకి తీసుకుంది.

వెచ్చగా ఉంది. ఒంటి వేడి.

అప్పుడే తలుపు సందులోంచి పులి గుసగుస. "సిస్టర్... ఎవరో బాలింత. లోపలికి రానివ్వమంటోంది. చీరంతా తడిసిపోయింది."

"వానలో తడిస్తే ఆరబెట్టుకోమను."

"వాన కాదు సిస్టర్. పైనంతా తెల్లగా... కిందంతా ఎర్రగా..."

మాట పూర్తి కాలేదు. తలుపుకి ఏదో బలంగా కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. మూడోసారికి తలుపు విరుచుకుపడి, దానితోపాటు పులి లోపలికొచ్చి పడ్డాడు. ముఖం ముఖంలా లేదు. పళ్లు నేల మీద చెల్లాచెదురుగా దొర్లాయి. పురిటి రక్తం, పులిసిన పాలు కలిసిన వాసన గదినిండా కమ్మేసింది.

గుమ్మంలో ఎవరూ లేరు.

నేల మీద తడి అడుగులు మాత్రం పడుతున్నాయి. ఒకటి తెల్లగా. ఒకటి ఎర్రగా. గోడవార పెట్టె వైపు.

"తాగిందా సిస్టర్..."

రేడియో పారిపోబోయింది. రెండడుగులు వేసిందో లేదో, జుట్టు పట్టి లాగినట్టు తల వెనక్కి విరిగింది. ఏదో ఆమెని గది ఈ కొస నుంచి ఆ కొసకి ఈడ్చుకెళ్లి గోడకేసి కొట్టింది. తలలోంచి జుట్టు చర్మంతో సహా ఊడి గాల్లో వేలాడుతోంది. అంత మాటకారి, అయ్యో అనడానికైనా వ్యవధి దొరకలేదు.

ఫ్రిజ్‌లో సీసాలు ఒక్కొక్కటే పగిలాయి. పెట్టెల అద్దాలు బీటలు వారాయి. గదిలో పిల్లలందరూ ఒక్కసారిగా ఏడుపు ఆపేశారు...

సైరన్ సిస్టర్ మనవరాలిని తీసి గుండెకి అదుముకుంది. చెల్లెలి కూతుర్ని బల్ల కిందికి నెట్టింది. చల్లటి వేళ్లేవో ఆవిడ మణికట్టు మీద పడ్డాయి. పిల్లని విడిపించడానికి ఒక్కో వేలూ వెనక్కి విరుస్తున్నాయి. పుల్లలు విరిచినట్టు చప్పుడు. ఆవిడ వదల్లేదు.

"అమ్మా... ఇది నీ పిల్ల కాదు," అంది. "నీ పిల్ల నీకంటే ముందే పోయింది. చెప్పడానికి మాకు నోరు రాలేదు."

విరుస్తున్న వేళ్లు ఆగాయి.

 చెవి పక్కనే, ఊపిరి లేని గొంతు...

"మరి... తాగిందెవరు?"

గుండె మీద పిల్ల పెదాల చివర ఇంకా ఇందాకటి పాల చారిక. పులి దగ్గర్నుంచి డాక్టరుగారి దాకా అందర్నీ దబాయించి బతికిన మనిషి, ఆ చారికని విరిగిన చేత్తో మెల్లగా తుడిచేసింది.

"నేనే," అంది. "నేనే తాగాను."

పిల్ల చేతుల్లోంచి జారి, బల్ల కింద ఉన్న తల్లి ఒళ్లో పడింది. సైరన్ సిస్టర్ నేల మీద వెల్లకిలా పడింది. కనబడని రెండు చేతులు ఆవిడ నోట్లోకి దిగాయి. ఒకటి పై పళ్లు పట్టుకుంది. ఒకటి కింది దవడ పట్టుకుంది. నిజమా కాదా చూడ్డానికన్నట్టు తెరిచాయి... ఇంకా తెరిచాయి... తెరవడానికి ఇంక ఏమీ లేనంతగా తెరిచాయి. ఆవిడ జీవితంలో పెట్టిన కేకల్లో అదే పెద్దది. అదే ఆఖరిది.

పులి బతికాడు. ఇప్పుడు అరటిపండు కూడా నలిపి తింటాడు. రేడియో బతకలేదు. గ్యాసు పేలిందని ఆసుపత్రివాళ్లు అందరికీ చెప్పారు. ఆ గదిలో గ్యాసు పొయ్యి లేదని వాళ్లకి చెప్పే తీరిక ఎవరికుంది.

సైరన్ సిస్టర్ బతికి, చెల్లెలి కూతురింట్లో మంచం మీద ఉంది. రెండు దవడలూ తీగలతో బిగించి కట్టారు. గొట్టంతో జావ పోస్తే మొదటి రోజే అంతా బయటికొచ్చేసింది. ఆనాటి నుంచి గుక్కెడు నీళ్లు కూడా లోపలికి పోలేదు.

అయినా మనిషి చిక్కలేదు. చెంపలు నిండాయి. ముంజేతులు బొద్దుగా, మడతలు పడి, పసిపిల్ల చేతుల్లా తయారయ్యాయి.

"ఏం తింటున్నావు పెద్దమ్మా, నాకు తెలియకుండా?" అని చెల్లెలి కూతురు నవ్వింది. పెదాల చివర ఏదో తడి కనిపిస్తే కొంగుతో తుడిచింది. తెల్లగా ఉంది. వెచ్చగా ఉంది.

సైరన్ సిస్టర్‌కి తెలుసు. వేళ తప్పదు. వేళకి మంచం కుంగుతుంది. తల కింద ఒక చెయ్యి చేరుతుంది. బిగించిన పళ్ల సందుల్లోంచే పాలు పట్టేస్తుంది. కక్కినా ఊరుకోదు. అది తనకిచ్చిన శిక్షే అయితే భరించవచ్చు అనుకుంది. పిల్ల జోలికి పోనంతకాలం భరించవచ్చు.

ఆ సాయంత్రం వేళయింది. కిటికీ అవతల చినుకులు మొదలయ్యాయి. మంచం కుంగలేదు. చెయ్యి రాలేదు.

పక్క గదిలో పిల్ల ఉయ్యాలలోంచి చప్పరింపు వినబడింది. చిన్న చిన్న గుటకలు.

"విన్నావా పెద్దమ్మా," అంది చెల్లెలి కూతురు, ఈ గదిలోనే బట్టలు మడతపెడుతూ. "ఉత్త నోరే. నిద్రలో ఎలా తాగుతోందో నీ మనవరాలు."

సైరన్ సిస్టర్ తన బలమంతా కూడగట్టి కేక వేసింది. తీగలు చిగుళ్లలోకి దిగాయి. నోట్లోంచి ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

అవతల గదిలో గుటకలు ఆగాయి. ఉయ్యాల ఒక్కసారి కిర్రుమంది.