గాలి మీద నిలబడ్డ బండి

బుడమేరు పొంగి బెజవాడ సగం మునిగిన ఏడాది అది. ఆ నీళ్ళు తీసి, చలికాలం వచ్చి, రెడ్డిగూడెం తోటల్లో మామిడి పూత కనిపించే వేళకు తిరువూరులో రాజేంద్రప్రసాద్‌కి నిద్ర కరువైంది. వీధి లేవకముందే ఆయన లేచేవాడు. మొహం కూడా కడుక్కోకుండా వాకిట్లోకి వచ్చి బండిని లేపేవాడు.

నిజంగా లేపడమే. అది పెద్ద జర్మనీ బండి. అందరి కార్లలా స్ప్రింగుల మీద కాదు, చక్రానికొకటి చొప్పున గాలి సంచుల మీద నిలబడుతుంది. కొన్న కొత్తలో రాజులా నిలబడేది. ఇప్పుడు ఆ సంచులు బీటలిచ్చాయి. రాత్రంతా గాలి పోయి, తెల్లారేసరికి పొట్ట నేలకి ఆనించి పడుకున్న గేదెలా ఉంటుంది. తాళం తిప్పితే లోపల చిన్న మోటారు మూలుగుతూ గాలి కొడుతుంది. ముందు ఒక పక్క, తర్వాత ఇంకో పక్క, మెల్లగా పైకి లేస్తుంది. అది లేచేదాకా ఆయన గుండె చిక్కబట్టుకుని కూర్చునేవాడు. పాలవాడు చూడకూడదు, ఎదురింటివాళ్ళు చూడకూడదు.

ఆ ఉదయం మోటారు మూలగలేదు. టక్కుమని ఓ చప్పుడు చేసి ఊరుకుంది. స్టీరింగు ముందు ఎర్ర దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఆయన మళ్ళీ తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. చివరికి దిగి, గుడ్డ కవరు తెచ్చి కప్పాడు. కప్పినా అది కూలబడ్డ సంగతి తెలుస్తూనే ఉంది.

హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర పాతదిగా కొన్నాడు దాన్ని. కొత్త ధరలో పావు వంతుకే వచ్చిందని మురిశాడు. కొనడం చవకే గానీ మేపడం చవక కాదని తర్వాత తెలిసింది. బండి ముసలిదైనా సామాను మాత్రం కొత్త బండి ధరే. ఒక ఎండాకాలం నీళ్ళు కారిపోయి ఇంజను కాగింది. ఒక వానాకాలం పైకప్పు అద్దం అంచుల నుంచి నీరు దిగి, వైర్లు నాని, తలుపుల అద్దాలు వాటంతటవే కిందికి దిగడం మొదలుపెట్టాయి. ఊళ్ళో మెకానిక్ జోజప్ప బానెట్ ఎత్తనని చెప్పేశాడు.

"కంప్యూటరు పెడితే గానీ ఇది నోరు విప్పదండీ. నా దగ్గర అది లేదు. బెజవాడ తీసుకెళ్ళండి" అన్నాడు.

బెజవాడ తీసుకెళ్ళినప్పుడల్లా ప్రసాద్ మొహం ఇంకాస్త చిన్నబోయి తిరిగొచ్చేది. అయినా అమ్మలేడు. ఆయనది మామిడి వ్యాపారం. పూత మీద తోట బేరమాడి, కొంచెం అడ్వాన్సిచ్చి, కాయ దిగాక మిగతా సొమ్ము కట్టడం ఆ చుట్టుపక్కల వాడుక. కాగితం ఉండదు. తోట గట్టు దగ్గర ఏ బండి ఆగిందన్నదే కాగితం.

లోపల టిఫిన్ల దగ్గర కోడలు నాగలత ఫోను పట్టుకుని నిలబడి ఉంది.

"అత్తయ్యా, హాస్పిటల్ నుంచి. ఈసారైనా వస్తారా, మీ తేదీ ఇంకొకరికి ఇచ్చేయమంటారా అని అడుగుతున్నారు."

శ్యామలాదేవి గోడ పట్టుకుని లేవబోయి, మళ్ళీ కుర్చీలో కూలబడింది. రెండు మోకాళ్ళూ అరిగిపోయి ఆవిడ పడుతున్న నరకం ఇంట్లో అందరికీ తెలుసు.

"ఈసారైనా ఏంటమ్మా? డాక్టరుగారు ఊళ్ళో లేరని వాళ్ళేగా వాయిదా వేసింది."

నాగలత మామగారి వైపు చూసింది.

"వాళ్ళు వేయలేదట. రెండుసార్లూ మావయ్యగారే వాయిదా అడిగారట."

ఇడ్లీ తుంచుతున్న ప్రసాద్ చెయ్యి ఆగిపోయింది.

"ఎందుకు నాన్నా?" అన్నాడు సూర్యతేజ. "ఆపరేషన్‌కని దాచిన డబ్బు ఉందిగా?"

"గేరుబాక్సుకి పెట్టాను."

"అమ్మ కాళ్ళకన్నా దాని కాళ్ళే ఎక్కువయ్యాయన్నమాట."

"నోర్మూసుకోరా. నువ్వు తినే తిండి ఆ బండి చూసి వచ్చిందే. రేపు నేను బస్సు దిగి గట్టు మీద నడుచుకుంటూ వెళ్తే, ప్రసాద్ పని అయిపోయిందంటారు. డబ్బంతా ముందే కింద పెట్టమంటారు. ఎక్కడి నుంచి తేను?"

"పోనీ అమ్మేయండి."

"ఎవడు కొంటాడు? ఊరికే ఇచ్చినా వద్దంటున్నారు. పాత ఇనుము వాడొక్కడే అడిగాడు. ఉంచుకుంటే మింగుతోంది, వదిలితే ముంచుతుంది. నన్నేం చేయమంటావ్?"

"ఆ మాటే ఇంట్లో చెప్పొచ్చుగా మావయ్యగారూ" అంది నాగలత నెమ్మదిగా. "డాక్టరుగారి మీద పెట్టడం ఎందుకు?"

శ్యామలాదేవి పళ్ళెం పక్కకి జరిపింది.

"వినగడపలో పెళ్ళికెళ్ళినప్పుడు నేను పడ్డాను, గుర్తుందా మీకు?"

"చీర కుచ్చిళ్ళు తట్టుకున్నాయన్నావుగా."

"కుచ్చిళ్ళు కాదు, మీ బండే. అంత ఎత్తు నుంచి దిగలేక పడ్డాను. అందరూ బండి చుట్టూ మూగి ఫొటోలు దిగుతుంటే, దిగడం చేతకాలేదని ఎలా చెప్పను? మీ పరువని ఊరుకున్నాను. మీరు ఒక అబద్ధం ఆడారు, నేనొకటి ఆడాను. సరికి సరి."

"శ్యామలా..."

"నన్ను చెప్పనివ్వండి. మీరు పొద్దున్నే దొంగలా వెళ్ళి దాన్ని లేపుతుంటే కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాను. అది నేలకి ఆనుకుని ఉన్నప్పుడు ఎంత వీలుగా ఉంటుందో. మీరు లేపకముందే వెళ్ళి అందులో కూర్చుందామా అనుకునేదాన్ని. అప్పుడైతే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కగలను."

నాగలత వచ్చి అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. ప్రసాద్ చెయ్యి కూడా కడుక్కోకుండా వాకిట్లోకి వచ్చేశాడు.

కవరు ఒక మూల ఎత్తి, తలుపు తీసి, ఆవిడ కూర్చునే వైపు కూర్చున్నాడు. మోకాలు పెద్దగా వంచకుండానే కూర్చోగలిగాడు. ఇన్నేళ్ళలో ఆ వైపు ఆయన కూర్చోవడం అదే మొదలు. ఎత్తు మీద నుంచి జనాన్ని చూడటమే ఆయనకి అలవాటు. పక్కసీటులో మనిషి ఎలా ఎక్కుతోందో, ఎలా దిగుతోందో ఒక్కనాడూ చూడలేదు. దేన్ని నిలబెట్టడానికి ఎవరిని కూలదోశాడో అప్పుడు తెలిసింది. కవరు కిందే, ఎవరికీ కనపడకుండా, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

సాయంత్రం పాత ఇనుము వాడికి ఫోన్ చేసి బండి తీసుకుపొమ్మన్నాడు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సు ఎక్కి రెడ్డిగూడెంలో దిగాడు. తోట దాకా గట్టు మీద నడిచాడు. తోట వెంకటాద్రిగారిది. గుడి అర్చకత్వం కొడుక్కి అప్పజెప్పి పొద్దంతా చెట్ల కిందే ఉంటాడాయన. ప్రసాద్‌ని చూసి, ఆయన వెనక దారి వైపు చూశాడు.

"బండేదండీ ప్రసాద్‌గారూ?"

"ఇచ్చేశాను పంతులుగారూ. బాగుచేయించే స్తోమత లేదు. అడ్వాన్సులకని ఉంచిన డబ్బులో చాలావరకు మా ఆవిడ మోకాళ్ళకి కావాలి. అడ్వాన్సు కిందటేటి కన్నా తక్కువే ఇవ్వగలను. కాయ దిగాక మీ సొమ్ము మీకు చేరుస్తాను. ఇష్టమైతే తోట ఇవ్వండి."

వెంకటాద్రి కొమ్మ వంచి పూత చూశాడు.

"మీ మాట మీద నాకు నమ్మకం లేక కాదు. కానీ నాకూ ఇల్లుందిగా. సగం తోట మీరు చేసుకోండి. మిగతా సగం పెనుగొలను వ్యాపారులు అడుగుతున్నారు, వాళ్ళకిస్తాను."

"అలాగేనండి" అన్నాడు ప్రసాద్.

గట్టు దిగి బస్సు కోసం నిలబడి, ముందు హాస్పిటల్‌కి ఫోన్ చేశాడు. తర్వాత ఇంటికి చేశాడు.

"సగం తోట పోయింది శ్యామలా."

"మీరు బస్సులో వెళ్ళారా? సీటు దొరికిందా?"

"లేదు. నిలబడే వచ్చాను. సోమవారం రమ్మన్నారు. టాక్సీ మాట్లాడతాను, చిన్నది" అన్నాడు.

అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. ఏడుస్తోందని ఆయనకి తెలిసింది. ఏం చెప్పాలో తెలియక, అలాగని పెట్టేయనూ లేక, ఫోను చెవికి ఆనించుకుని అక్కడే నిలబడ్డాడు. తిరువూరు బస్సు వచ్చి ఆగింది. చెయ్యెత్తలేదు. వెళ్ళనిచ్చాడు.