నిఖత్ ఫెయిల్ చేసిన వడ్లు

"ఈ శాంపిల్ తీసుకోను," అంది నిఖత్.

కౌంటర్ అవతల నిలువెల్లా తడిసిన కుర్రాడు తన చేతిలోని గుడ్డసంచి వైపు చూసుకున్నాడు. వాన సంచినీ వదల్లేదు.

"ఏందండీ గిట్లంటరు? బన్సీలాల్‌పేట్ నుంచి బండి మీద వచ్చిన."

"గింజలు నానినయి. టెస్ట్ కరెక్ట్‌గ రాదు. మళ్ళ తేండి."

"నేను సుత నానిన. నన్ను కూడ మళ్ళ రమ్మంటరా?"

నవ్వు కనబడకుండా ఆమె అటు తిరిగింది.

ఏ.ఎస్. రావు నగర్‌లోని ఆ ల్యాబ్‌లో నిఖత్ విత్తనాలు పరీక్షిస్తుంది. తడి కాగితాల్లో గింజలు చుట్టి ఉంచి, ఎన్ని మొలిచాయో చూస్తుంది. వరిలో నూటికి ఎనభై మొలిస్తేనే బస్తాకు సర్టిఫికేషన్ ట్యాగ్. ఆ కుర్రాడు హుజైఫా. వాళ్ల నాన్న కలీముల్లా రైతులతో విత్తన వడ్లు పండించి అమ్ముతాడు.

మర్నాడు పొడి సంచితో వచ్చాడు. తర్వాత్తర్వాత సంచి లేకుండానే రాసాగాడు.

"రిజల్ట్ వచ్చిందా, మేడం?"

"మీ శాంపిలే లేదు కదా!"

"వడ్లది కాదు. నాది."

ఏడాది తిరిగేసరికి కలీముల్లాయే నిఖత్ ఇంటికి వెళ్లి పిల్లనడిగాడు. రంజాన్ అయ్యాక నిఖా అనుకున్నారు.

ఇంతలో అకాల వానలకు కలీముల్లా గోదాం కప్పు కారి విత్తన వడ్లు తడిశాయి. ఆ వడ్లు ల్యాబ్‌కు వస్తే నూటికి అరవై కూడా మొలవలేదు. కలీముల్లా కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు.

"బేటీ, ఎనభై అని రాయి. రేపు మా ఇంటికొచ్చేదానివి."

"రాస్తే మొలుస్తయా, చాచా? నారుమడి ఖాళీగుంటే ఆ రైతు ఎవర్ని అడగాలె?"

"నువ్వు చెప్పురా!" అన్నాడు కొడుకుతో.

హుజైఫా తల దించుకున్నాడు. "ఇంకోసారి టెస్ట్ చెయ్, నిఖత్."

చేసింది. ఒక్కో కాగితం చుట్ట ఆశగా విప్పింది. సగం గింజలు ఉబ్బి, కుళ్లి ఉన్నాయి. ఫెయిల్ అని రాసి, వాష్‌రూంలోకి పోయి ఏడ్చింది.

విత్తనం కావాల్సిన వడ్లు చవగ్గా మిల్లుకు పోయాయి. కలీముల్లా నిఖా రద్దు చేశాడు. ఆ దిగులుతోనే పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు.

ఒక సాయంత్రం హుజైఫా ల్యాబ్ బయట నిలబడి ఉన్నాడు.

"దుకాణం మూసినం. అబ్బాను నిజామాబాద్‌ల అక్క దగ్గరికి తీస్కపోతున్న."

"మళ్ళ రావా?"

"నీ పేరెత్తితే ఆయనకు వణుకొస్తది. ఇప్పుడు ఆయనకు చెయ్యి, కాలు నేనే. నిన్ను ఆగమని ఎట్ల అడగాలె?"

"నా మీద కోపమా?"

"నువ్వే రైటని ఆ రోజే తెలుసు. అబ్బా ముంగట అనలేకపోయిన." బండి తాళం వేళ్ల మధ్య తిప్పాడు. "నువ్వంటే ప్రేమని సుత సీదా ఎన్నడు చెప్పలే. అంతా మజాకే చేసిన. గిప్పుడు చెప్తున్న."

"ఇప్పుడా చెప్పేది, హుజైఫా?"

"మళ్ళెప్పుడు చెప్తా?"

రోడ్డు మీద అందరూ చూస్తుండగానే నిఖత్ అతని చెయ్యి పట్టుకుంది. "నాకు సుత నువ్వంటే ప్రేమే. పో. చాచాకు టైముకు గోలీలియ్యి."

బండి ట్రాఫిక్‌లో కలిసిపోయేదాకా నిలబడింది.

ఆ తర్వాత నిఖత్‌కు మంచి సంబంధమే వచ్చింది. వద్దంది. అమ్మ ఎందుకని అడగలేదు. పక్కన కూర్చుని, కూతురి తల తన ఒళ్లోకి తీసుకుంది.