వెర్లాన్ కోటలో గుండెపోటు

రామలింగం వెర్లాన్ కోట బురుజు మీది నుంచి కింద పడ్డప్పుడు టూరిస్టులంతా ఎదురుగా ఉన్న మంచుకొండను ఫోటో తీసుకుంటున్నారు. కేక ఎవరికీ వినిపించలేదు. ఇటలీ పోలీసులు ప్రమాదమని తేల్చి కేసు మూసేశారు. అయితే చేతి వాచీలోంచి అతను పంపిన ఆఖరి మెసేజ్ అప్పటికే ఆల్ప్స్ దాటి హన్మకొండ సుబేదారికి చేరిపోయింది.

‘వోల్కర్ టార్గెట్ వరంగల్ బస్సులో. వెర్లాన్ కోటలో తీసుకుపోతారు.’

సుబేదారిలోని ఆ రెండంతస్తుల భవనానికి ఇన్సూరెన్స్ ఆఫీసు బోర్డు ఉంటుంది. పాలసీ కోసం ఎవరైనా వస్తే సర్వర్ డౌన్ అని చెప్పి పంపేస్తారు. పై గదిలో చీఫ్ లింగమూర్తి ప్రొజెక్టర్ ఆన్ చేశాడు. ఎదుట ఏజెంట్ ఉమాకాంత్ ఒక్కడే ఉన్నాడు.

“డాక్టర్ బాలరాజు. కాశిబుగ్గల మగ్గాల ఇంట్ల పుట్టిండు. ఇప్పుడు డిఫెన్స్ సైంటిస్ట్. రాడార్‌కు దొరకకుండ విమానాన్ని కప్పే బట్ట తయారు చేస్తాండు. ఫార్ములా మొత్తం ఆయన తలకాయలనే ఉన్నది.”

“ఆ తలకాయ ఎటు పోతాంది సార్?”

“ఆల్ప్స్‌కు. సెలవు పెట్టి, తల్లి విమలమ్మను తీస్కొని, మనోళ్ల టూర్ బస్సుల కోటలు చూడవోతాండు.”

“ఆపేద్దాం.”

“ఆపితే వోల్కర్ ఇంకో తొవ్వ చూస్తడు. వానికి ఏ దేశం డబ్బిస్తే ఆ దేశానికి మనుషుల్ని ఎత్తుకపోయి ఇస్తడు. నాకు వాడు కావాలె. నువ్వు మట్టెవాడ చీరల వ్యాపారివి. బస్సు ఎక్కు.”

లింగమూర్తి బల్ల మీద చిన్న డబ్బా పెట్టాడు. అందులో చెవిలో ఇమిడిపోయే రిసీవర్, స్కార్ఫ్‌కు పెట్టుకునే పిన్ను. పిన్నులో మైక్.

“పిన్ను సిల్వియాకు. అక్కడి టూర్ గైడ్. వోల్కర్ మనిషే కానీ మనకు పని చేస్తాంది. డబుల్ ఏజెంట్.”

ఉమాకాంత్ డబ్బా ముట్టుకోలేదు. “రామలింగం పడ్డ రోజు గైడ్ ఎవరు సార్?”

లింగమూర్తి ప్రొజెక్టర్ ఆపేశాడు. “ఆమెనే.”

ట్రైనింగ్‌లో ఒకే గదిలో ఉన్నారు ఉమాకాంత్, రామలింగం. ఒకే సబ్బు వాడారు, ఒకే పళ్లెంలో తిన్నారు. ఉమాకాంత్ డబ్బా జేబులో వేసుకున్నాడు. ఆమె డబుల్ ఏజెంటో, త్రిబుల్ ఏజెంటో అక్కడే తేల్చుకుంటాను అనుకున్నాడు.

* * *

వెర్లాన్ కోట ఉన్న ఆ లోయ అందంగా ఉంది. కానీ రమ్మని పిలిచే అందం కాదు. రెండు పక్కలా ఎండ పొడను కూడా ఆలస్యంగా లోపలికి వదిలే కొండలు. ప్రతి మలుపు మీదా ఒక కోట, బాణాలు వేయడానికి విడిచిన సన్నటి కంతల్లోంచి రోడ్డునే చూస్తున్నట్టుగా. కోటల కింద రాతిపలకల కప్పులతో ఏడెనిమిది వందల ఏళ్లనాటి పల్లెలు. బస్సు దిగిన వరంగల్ వాళ్లు ఆ ఇరుకు సందుల్లో గట్టిగా మాట్లాడుకుంటూ నడుస్తుంటే పైన చెక్క కిటికీలు ఒకదాని వెనుక ఒకటి మూసుకున్నాయి.

“మనల జూసి దర్వాజలు పెట్టుకుంటాండ్లేందే?” అంది మొగిలమ్మ. స్టేషన్ రోడ్డులో ఆమె కుటుంబానికి హోల్‌సేల్ కిరాణా కొట్టు. మొదటి రోజు నుంచీ ఆమెకు ఉమాకాంత్ అంటే పడదు. అతను పక్క సీట్లో కూర్చుంటే బ్యాగు అడ్డం పెట్టేది.

బాలరాజు ఎవరితోనూ కలవలేదు. తల్లి పలకరించినా ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. విమలమ్మ మాత్రం ప్రతి కోట మెట్ల దగ్గరా ఆగి, “నా కొడుకు తీస్కచ్చిండు,” అని అందరికీ చెప్పింది.

సిల్వియా ముందు నడుస్తోంది. ఎర్రకోటు, నల్లటి స్కార్ఫ్, కొండ గాలికి కూడా చెదరని జుట్టు. మగవాళ్లు కోట కంటే ఆమెనే ఎక్కువ చూస్తున్నారు. ఉమాకాంత్ కూడా చూస్తున్నాడు, వేరే కారణంతో. ఒక పాత చర్చి పక్కన ఆమె ఒంటరిగా దొరికింది.

“ఇక్కడ పుట్నాలు దొరుకుతయా?” అన్నాడు.

“కాశిబుగ్గల అడుగుండ్రి,” అంది ఆమె. ముందే అనుకున్న గుర్తుమాటకు అదే జవాబు. యాస అచ్చం రామలింగంది, వాడే నేర్పినట్టుంది. ఉమాకాంత్‌కు ఒళ్లు మండింది. మిగతాదంతా ఇంగ్లిష్‌లో నడిచింది.

“వాడు పడ్డప్పుడు నువ్వెక్కడున్నావు?”

“చెయ్యి చాపితే అందేంత దూరంలో.”

“చాపలేదు.”

“పక్కన వోల్కర్ ఉన్నాడు. నా మొహమే చూస్తున్నాడు. ఏడ్చి ఉంటే రెండో శవం నాదయ్యేది. మీ బాలరాజును కాపాడేవాళ్లు ఎవరూ మిగిలేవాళ్లు కాదు.”

“నమ్మమంటావా?”

“వద్దు. నమ్మకపోతేనే జాగ్రత్తగా ఉంటావు.” ఆమె పిన్ను తీసుకుని స్కార్ఫ్‌కు గుచ్చుకుంది. “రేపు మధ్యాహ్నం. ఎలా చేస్తారో నాకూ చెప్పలేదు.”

* * *

మర్నాడు వెర్లాన్ కోట నడిముంగిట్లో బాలరాజు ఛాతీ పట్టుకుని కూలిపోయాడు.

“అయ్యో, నా కొడుకా!” విమలమ్మ అతని మీద పడిపోయింది. అందరికంటే ముందు చేరిన ఉమాకాంత్ మణికట్టు పట్టుకున్నాడు. నాడి చక్కగా, నిదానంగా కొట్టుకుంటోంది. చెమట లేదు. రెప్పల కింద కనుగుడ్లు మాత్రం అటూ ఇటూ కదులుతున్నాయి.

అప్పుడు అర్థమైంది ఉమాకాంత్‌కు. ఎవరూ ఇతన్ని ఎత్తుకుపోవడం లేదు. ఇతనే పోతున్నాడు. అనుమానం రాకుండా తల్లిని అడ్డం పెట్టుకుని వచ్చాడు.

ఫోన్ చేయకముందే అంబులెన్స్ కోట ద్వారంలోకి వచ్చేసింది. తెల్లకోట్లలో ఇద్దరు దిగారు. వారిలో బూడిదరంగు గడ్డం ఉన్నవాడి ఫోటోను ఉమాకాంత్ సుబేదారి తెర మీద చూశాడు. వోల్కర్. స్ట్రెచర్ లోపలికి వెళ్లింది. దాన్ని వదలకుండా పట్టుకుని విమలమ్మ కూడా ఎక్కేసింది. ఉమాకాంత్ కాలు పెట్టబోయాడు. సిల్వియా రెండు చేతులతో అతని ఛాతీ మీద తోసింది.

“టూరిస్టులకు అనుమతి లేదు!” ఆమె ఎక్కింది. తలుపు మూసుకుంది.

‘చూశావా రామలింగం, నీ మనిషిని,’ అనుకున్నాడు ఉమాకాంత్ పళ్లు కొరుకుతూ. అంతలో చెవిలో గరగరమని చప్పుడు. మైక్ ఆన్ అయింది.

రోడ్డు కొండను చుట్టుకుంటూ దిగుతుంది. కాలిబాట నిట్టనిలువునా పల్లెలోకి పడుతుంది. రెండూ కలిసేది ఊరి చివరి రాతి కమాను దగ్గర. అది దాటితే హైవే, ఆపైన సరిహద్దు. ఉమాకాంత్ కాలిబాట మీద పరుగెత్తాడు. కాళ్ల కింద రాళ్లు జారుతున్నాయి. చెవిలో విమలమ్మ గొంతు.

“లే బిడ్డా. జర కండ్లు తెరువు. దవాఖానకు పోతానం, ఫికర్ చెయ్యకు.”

తర్వాత వోల్కర్ ఇంగ్లిష్. చల్లగా ఉంది. “ముసలామె ప్లాన్‌లో లేదు. ఇంజెక్షన్ ఇచ్చేద్దాం. శవాన్ని లోయలో వేద్దాం.”

ఆ తర్వాత బాలరాజు అరుపు. “మా అమ్మ జోలికి రామన్నారు! మాటిచ్చారు!”

“లేచినవా?” విమలమ్మ గొంతు మారిపోయింది. “నీకేం కాలేదా? వీండ్లు నీకు ఎర్కేనా?”

“అమ్మా, నన్ను అక్కడ ఎవ్వరు పట్టించుకుంటలేరు. పేరు వాళ్లది, పని నాది. వీళ్లు ల్యాబ్ ఇస్తమన్నరు, నా పేరు పెడ్తమన్నరు…”

చెంప మీద దెబ్బ రిసీవర్‌లో ఎంత గట్టిగా పేలిందంటే ఉమాకాంత్ పరుగులో తడబడ్డాడు.

“దానికి నన్ను కోటలు చూపిస్తనని తెస్తివా!”

పల్లె మొదట్లోకి వచ్చేసరికి దారి నిండా ఆవులు. చలికాలం ముందు కొండ మీది బీళ్ల నుంచి దిగుతున్న మంద, కొమ్ములకు పూలు, మెడల్లో బిందెలంత గంటలు. కాపరి మనిషి వాటిని పక్క పొలంలోకి మళ్లిస్తోంది. ఉమాకాంత్ ఆమె చేతిలో కర్ర లాక్కున్నాడు. ముందున్న నల్లావు వీపు మీద ఒక్కటి వేసి కమాను వైపు తిప్పాడు. ఆమె తిట్లు అందుకుంది. కుక్క అతని ప్యాంటు పట్టుకుంది. అతను ఆగలేదు. నల్లావు వెనుక మంద మొత్తం సందులోకి దూరింది.

అంబులెన్స్ మలుపు తిరిగి కమాను కిందికి వచ్చి కీచుమని ఆగింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆవులు కదల్లేదు. కొన్ని అద్దాన్ని నాకాయి. ఉమాకాంత్ వాటి మధ్య వంగి నడిచి, వెనక తలుపు లాగాడు.

వోల్కర్ ఒక చేత్తో విమలమ్మ జుట్టు పట్టుకున్నాడు. రెండో చేతిలో సిరంజి. సూది ఆమె మెడను తాకుతోంది.

“వెనక్కి పో. లేదా ఈమె పోతుంది.”

ఉమాకాంత్ కోటు లోపల దాచిన పిస్టల్ తీసి గురి పెట్టాడు. ముసలామె తల అడ్డం. కాల్చడానికి చోటు లేదు. సిల్వియా వోల్కర్ వెనుక కదలకుండా కూర్చుంది. మొహంలో ఏమీ లేదు. రామలింగం ఆఖరుసారి చూసింది ఈ మొహాన్నే కాబోలు అనిపించింది ఉమాకాంత్‌కు.

వోల్కర్ బొటనవేలు సిరంజి మీద బిగుసుకుంది. అప్పుడు బాలరాజు స్ట్రెచర్ మీది నుంచి దూకి సూదికీ తల్లి మెడకూ మధ్య తన అరచెయ్యి పెట్టాడు. సూది చేతిలో దిగింది. అదే క్షణంలో సిల్వియా ఆక్సిజన్ సిలిండర్ ఎత్తి వోల్కర్ మణికట్టు మీద దించింది. ఎముక విరిగింది. సిరంజి కింద పడింది, సగం మందు అందులోనే ఉంది. రెండో దెబ్బ తల మీద. మూడోది అవసరం లేదు. అయినా కొట్టింది.

“అది రామలింగానికి,” అంది రొప్పుతూ. ఇప్పుడు ఏడ్చింది. ఉమాకాంత్ ఆమె చేతిలోంచి సిలిండర్ మెల్లగా తీసుకున్నాడు. తప్పుకొని, దిగడానికి చెయ్యి అందించాడు.

డ్రైవర్, ముందు సీట్లోని రెండో తెల్లకోటువాడు పారిపోబోయి ఆవుల మధ్య ఇరుక్కున్నారు. లింగమూర్తి ముందే మాట్లాడి ఉంచిన ఇటలీ కౌంటర్ ఇంటెలిజెన్స్ టీం వచ్చి ఆ ఇద్దరితో పాటు స్పృహ తప్పిన వోల్కర్‌నూ ఏరుకుపోయింది.

* * *

బాలరాజు బతికాడు. ఆసుపత్రి గది బయట ఇద్దరు గార్డులు. విమలమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది.

“జైల్లో ఏస్తరా అయ్యా?”

“వేస్తరు పెద్దమ్మా.”

“ఏయాలె.” ఆమె తలుపు వైపు చెయ్యి చూపింది. “చెయ్యి అడ్డం పెట్టిండని గూడ చెప్పు. అదీ ఇదీ రెండూ చెప్పు.”

“రెండూ చెప్తా.”

సాయంత్రం బస్సు దగ్గర టూర్ బృందం మొత్తం కోపంగా నిలబడి ఉంది. సైంటిస్టుకు సీరియస్ అయిందని, మిగిలిన రెండు కోటలు క్యాన్సిల్ అయ్యాయని మాత్రమే వాళ్లకు చెప్పారు. ఉమాకాంత్ చిరిగిన ప్యాంటుతో, పేడ బూట్లతో ఎక్కి తన సీట్లో కూలబడ్డాడు. పక్క సీటు మీది బ్యాగును మొగిలమ్మ మొట్టమొదటిసారి తీసి ఒళ్లో పెట్టుకుంది.

“తమ్మీ,” అంది గొంతు తగ్గించి, “నువ్వు పోలీసోనివో, ఇంకేం మనిషివో నాకెందుకు గని, చీరలమ్మేటోనివైతే కాదు. ఇన్ని దినాలల్ల ఒక్కల్నన్న మా దుకాణంకు రాండ్రి అన్నవా?”