నవోనా చౌకులో నీళ్ళడిగే గొంతు

రోములో నవోనా చౌకు ఉత్తరపు కొసన, నేను కాపలా ఉండే మేడకీ పక్క హోటలుకీ మధ్య ఒక సందుంది. పగలే అందులో ఎవరూ నడవరు. రాత్రయితే ఇక చెప్పక్కర్లేదు.

కంపు ఒక కారణం. బీరు తాగిన ప్రతివాడికీ ఆ గోడే కనిపిస్తుంది. సముద్రం వదిలేసి మా ఊళ్ళో మకాం పెట్టిన తెల్లపక్షులు హోటలు చెత్తడబ్బాల్లోంచి చేప తలకాయలు లాక్కొచ్చి అక్కడే పీక్కుతింటాయి. ఇటు చౌకులో జనం ఫౌంటెన్ల ముందు నిలబడి ఫొటోలు దిగుతుంటారు... ఆ కంపు ఫొటోలో పడదు కదా!

రెండో కారణం, ఆ సందులో నేలకి ఆనుకుని ఉన్న ఇనప చువ్వల కిటికీ. మూరెడు ఎత్తు. వెనక చీకటి. పోయిన ఆగస్టులో, అర్ధరాత్రి దాటాక, ఆ చీకట్లోంచి ఒక గొంతు—

“నీళ్ళు... తొందరగా... నీళ్ళు...”

అది ఎవరి గొంతో మా వీధిలో అందరికీ తెలుసు. వెనకటి కాలంలో ఆగస్టు శని ఆదివారాల్లో ఫౌంటెన్ల తూములు మూసేసి చౌకుని చెరువు చేసేవారు. దొరలు బగ్గీలెక్కి ఆ నీళ్ళలో షికారు కొట్టేవారు. కిటికీల్లోంచి చిల్లర విసిరితే బీదాబిక్కీ ఆ మురుగులో పడి దేవులాడేవారు. పైనున్నవాళ్ళు పగలబడి నవ్వేవారు. అలాంటి ఒక ఆదివారం బగ్గీ తోలేవాడొకడు గుర్రంతో సహా పడి, ఆ నీళ్ళు మింగి చచ్చాడట. వాడింకా అడుగుతూనే ఉన్నాడట...

“నీళ్ళలో చచ్చినవాడికి మళ్ళీ దాహమేమిటిరా?” అని నవ్వేది ఎర్సీలియా.

ముప్పై ఏళ్ళుగా మా చౌకు ఊడుస్తున్న మనిషి. నాకు అక్కలాంటిది. ఆ నెలలో ఒక రాత్రి జరిగింది తను చెప్పగా విన్నంత, ఆ తర్వాత నేను చూసినంత చెబుతాను.

వాన. మామూలు వాన కాదు, ఆకాశం చిల్లు పడ్డట్టు. అరగంటలో తూములన్నీ ఎదురుతన్నాయి. చీపురు చంకన పెట్టుకుని ఎర్సీలియా సందు మొదట్లో నిలబడింది. లోపల్నుంచి గోధుమరంగు నీరు నురగ కక్కుకుంటూ వస్తోంది. పైన వేపుడు నూనె తెట్టు, ఉడికిన స్క్విడ్ ముక్కలు, సిగరెట్ పీకలు... తను ముక్కు మూసుకుంది.

అప్పుడు వినబడింది.

“నీళ్ళు... తొందరగా...”

ఈసారి గుసగుసలా లేదు. ఏడుపులా ఉంది.

తను టార్చి వేసింది. కిటికీ చువ్వల మధ్య... వేళ్ళు. నాలుగు వేళ్ళు. నానిపోయి, ఉబ్బిపోయి, పాలిపోయి... చువ్వని పట్టుకుని కదులుతున్నాయి.

ఎర్సీలియా గోడకి ఆనుకుని భళ్ళున కక్కింది. అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ చూసింది.

ఒక వేలికి నీలంరంగు ప్లాస్టర్ ఉంది. వంటింట్లో వేలు తెగితే చుడతారే... అది.

నా తలుపు విరిగిపోయేలా బాదింది. “నజరేనో! గడ్డపార తియ్యి! మనిషిరా... లోపల మనిషి!”

“అక్కా, అది... ఆ బగ్గీవాడు...” అన్నాను.

“బగ్గీవాడు ప్లాస్టర్ వేసుకుంటాడేమిట్రా, పిరికి సన్నాసీ! వస్తావా, నీ మెడ పట్టుకు ఈడ్చుకుపోనా?”

వెళ్ళాను. పిక్కల దాకా కంపు నీళ్ళు. కాళ్ళకి ఏదో మెత్తగా తగిలి ఈదుకుంటూ పోయింది, ఎలకే. చువ్వల చట్రం తుప్పుతో గోడకి అతుక్కుపోయి ఉంది. గడ్డపార దూర్చి ఇద్దరం వేలాడాం. లోపల నీరు అతని గడ్డం దాటింది. మూతి దాటింది. వేళ్ళు మాత్రం చువ్వ వదల్లేదు.

చట్రం ఊడింది. ఇద్దరం చెరో చెయ్యీ పట్టి లాగాం. నల్లటి బురద ముద్దలా వచ్చి మా మీద పడ్డాడు. నోట్లోంచి నీళ్ళు కక్కాడు. బతికే ఉన్నాడు.

పేరు మొఫిజుల్. హోటల్లో గిన్నెలు కడుగుతాడు. యజమాని ఒత్తొరీనో అతని పాస్‌పోర్టు లాగేసుకుని, దొంగతనం చేస్తాడన్న నెపంతో రోజూ రాత్రి ఆ నేలమాళిగలో పెట్టి తాళం వేసేవాడు. తర్వాత పోలీసులొచ్చారు, ఒత్తొరీనోని తీసుకెళ్ళారు. నెల తిరక్కుండానే ఎవరో ఆ హోటలుకి కొత్త పందిరి వేసి తెరిచారు. జనం మళ్ళీ అక్కడే కూర్చుని, అబ్బ ఎంత అందమైన చౌకు అనుకుంటూ తింటున్నారు.

అది పోనివ్వండి. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ రాత్రి నా గుమ్మం మెట్ల మీద జరిగింది.

ఎర్సీలియా బకెట్లతో అతన్ని కడిగి నా దుప్పటి కప్పింది. వానలో గొడుగులమ్ముకునే అతని దేశంవాడొకడు దొరికితే పిలుచుకొచ్చాం. అతను అటూ ఇటూ మాటలు చేరవేశాడు.

“నీళ్ళు నీళ్ళు అంటావేమిటయ్యా? కాపాడండి అనొచ్చుగా?” అంది ఎర్సీలియా.

“వంటింట్లో వాళ్ళు నాతో అనేవి ఆ రెండు మాటలేనమ్మా. నీళ్ళు, తొందరగా. మీ భాషలో నాకు ఇంకేమీ రాదు.”

“ఎన్నాళ్ళబట్టి పిలుస్తున్నావు?”

“పదకొండు రాత్రులు.”

“ఒక్కడూ ఆగలేదా?”

“ఆగారమ్మా. ఆ కిటికీలోంచి నాకు పాదాలే కనిపిస్తాయి. ఎత్తు మడమల చెప్పులు ఆగాయి, పరిగెత్తాయి. బూట్లు ఆగాయి, అక్కడే ఉచ్చ పోశాయి. ఒకాయన మాత్రం చాలాసేపు నిలబడ్డాడు. నాకు ఆశ పుట్టింది. చెయ్యి చాచాను. ఏదో ప్రార్థన గొణిగి, సీసాలోంచి నీళ్ళు నా ముఖాన చల్లి, వెళ్ళిపోయాడు.”

“థూ! దెయ్యాల్ని తోలే చర్చి నీళ్ళా? బతికున్న మనిషి మీదా?” ఎర్సీలియా ఉమ్మేసింది. “వాడెవడో దొరకాలి, చీపురు తిరగేస్తాను.”

మొఫిజుల్ దుప్పటి దగ్గరికి లాక్కుని తల వంచి మెట్ల కింద నా పాదాల వైపు చూశాడు.

గళ్ళగళ్ళ గుడ్డ చెప్పులు. ఎడమదానికి బొటనవేలి దగ్గర చిరుగు.

అతను తలెత్తి నా ముఖంలోకి చూశాడు.

నేను నెమ్మదిగా పాదాలు వెనక్కి లాక్కున్నాను.